ఫొటోలో తూచిన పందులు

ఎర్రగుట్ట వెనక అడవిలో ఆ ఏడు దుంపల్లేవు. వానలు మొహం చాటేశాయి. నేల రాయిలా గట్టిపడిపోయి, ఎంత తవ్వినా ముట్టెలు పగలడమే గానీ ఒక్క గడ్డ నోటికి అందలేదు. గుట్టకి ఇవతల మాత్రం బోరు నీళ్ళ కింద వేరుశనగ పచ్చగా నవనవలాడుతోంది. ఇంకేముంది, పొద్దు వాలగానే అడవిపందులు ఎండిపోయిన వాగు దాటి చేలల్లో పడేవి.

ఆ పందుల గుంపుకి పెద్ద కంచమ్మ. అరవై కిలోల ఆడపంది. ముక్కు మీద కోపం. కానీ గుంపులో ఏ పిల్ల అరిచినా ముందు పరిగెత్తేది అదే. దాని చెల్లెలు నీలి నెల కిందటే ఈనింది. నాలుగు పిల్లలు. నీలికి కోపం తెలీదు, అనుమానం అంతకన్నా తెలీదు. ఎవరేం చెప్పినా "అవునా!" అని నమ్మేసే రకం.

పోతుపంది బండెన్నది వేరే మకాం. ఒంటరిగా తిరిగేవాడు. నూరు కిలోల ఒళ్ళు, బెత్తెడు కోరలు, చేలో దిగితే నాలుగు సాళ్ళు నేలమట్టం. మనిషి అలికిడి వింటే మాత్రం అందరికన్నా ముందు పారిపోయేది వాడే.

చేను పాడైన రైతు మద్దిలేటి ఊరుకోలేదు. బోన్లు చేసే ఓబులేసుని వెంటబెట్టుకొచ్చి వాగు ఒడ్డున ఒక ఇనప బోను పెట్టించాడు. పక్కనే తుమ్మచెట్టుకి, బోను వైపు కాకుండా వాగు వైపు చూసేలా ఒక కెమెరా కట్టాడు. అరచెయ్యంత పెట్టె. ముందు ఏది కదిలినా టిక్కుమని ఫొటో తీస్తుంది. దానికి ఎదురుగా పదడుగుల దూరంలో ఒక గుంజ పాతి, దాని మీద జానెడుకో ఎర్ర గీత గీశారు.

రెండ్రోజులకోసారి మధ్యాహ్నం ఇద్దరూ వచ్చి, పెట్టె తెరిచి, అందులోని బుల్లి తెర మీద ఫొటోలు చూసేవాళ్ళు.

"చూడు ఓబులేసూ, వీపు నాలుగో గీత దాటింది. నూరు కిలోలకి తక్కువుండదు" అన్నాడు మద్దిలేటి మొదటిసారి చూసినప్పుడు.

"అట్లయితే బోనులో పలక ఎనభైకి బిగిస్తా. అంత బరువు తొక్కితేనే తలుపు పడుతుంది. చిన్నాచితకా పడి మన మేత దండగ కాకుండా" అన్నాడు ఓబులేసు.

"పెద్దది బోనులోకి రాకపోతే?"

"తుపాకీ ఆయన్ని పిలిపిద్దాం. ఇంత బరువుదని ఫొటో చూపిస్తే రేపే వస్తాడు."

ఓబులేసు పలక కింద స్ప్రింగు బిగించి, ఇసుక సంచులు మోపి చూసుకుని, లోపల బెల్లం కలిపిన మక్కలూ ఎండుచేపలూ పెట్టాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు.

ఈ మాటలన్నీ పక్కనున్న లంటానా పొదలోంచి ఒకరు విన్నారు. నక్క తిమ్మరాజు. పది కిలోల ఒళ్ళు, ఎర్రటి తోక, ఎవరితోనైనా వరస కలిపే నోరు. మనుషుల మాట ఆ నక్కకి బాగా తెలుసు. ఊరి పెంటకుప్పల పక్కన పెరిగింది మరి.

మనుషులు కనుమరుగవగానే తిమ్మరాజు బోనులోకి దూరి, పలక మీద కూర్చుని, ఎండుచేపలు తినేసి బయటికొచ్చాడు. తలుపు కదల్లేదు.

మర్నాడు కంచమ్మ, నీలి మేతకి వస్తుంటే ఎదురెళ్ళాడు.

"అక్కల్లారా, ఆకలితో ఎందుకు చస్తారు? ఆ బోనులో మేత మీదే అనుకోండి. ఎనభై కిలోలుంటే గానీ దాని తలుపు పడదు. నేను చెవులారా విన్నాను."

"నీ మాట నమ్మి బోనులో తలపెట్టాలా? నాకేం పిచ్చా?" అంది కంచమ్మ.

"నమ్మకు. చూడు" అంటూ తిమ్మరాజు లోపలికెళ్ళి పలక మీద గంతులేసి వచ్చాడు.

నీలి ఆగలేదు. రోజూ పిల్లలకి పాలివ్వాలి, కడుపులో ఏమీ లేదు. లోపలికెళ్ళింది. కంచమ్మ గుండె చిక్కబట్టుకుని చూస్తూ నిలబడింది. తలుపు పడలేదు. నీలి మక్కలన్నీ తిని, మూతి నాక్కుంటూ బయటికొచ్చి, "అక్కా, తిమ్మరాజు మంచివాడే" అంది.

అదే సాయంత్రం తిమ్మరాజు గుట్ట మీద బండెన్న దగ్గరికి చేరాడు.

"బావా, నీ ఫొటో తీశారు. నూరు కిలోలని లెక్కగట్టారు. తుపాకీ ఆయన్ని పిలుస్తారట."

బండెన్న అడవి వైపు రెండడుగులు వేసి ఆగాడు. "ఫొటోలో బరువెట్లా తెలుస్తుందిరా?"

"గుంజ మీద గీతలతో చూసుకుంటారు. నువ్వు గుంజని ఆనుకుని నడిచావు, నాలుగో గీత దాటావు. అదే గుంజకి వెనక, బాగా దూరంగా, వాగు పల్లంలో నడిచావనుకో. కాళ్ళు గడ్డిలో మునిగిపోతాయి, ఒళ్ళు చిన్నగా పడుతుంది. వాళ్ళు దూరం చూసుకోరు బావా. గీతలే చూస్తారు."

"నిజమే కదా! మరి మిగతావాళ్ళకీ చెబుదామా?"

"అందరూ ఒకేసారి చిన్నబడితే అనుమానం రాదూ? నువ్వు బతుకు ముందు. నేను చెప్పానని మాత్రం ఎవరితోనూ అనకు."

బండెన్న సరేనన్నాడు. ఆ రోజు నుంచీ వాగు పల్లంలో, గుంజకి చాలా దూరంగా, కడుపు నేలకి ఆనించినట్టు నడవడం మొదలుపెట్టాడు.

తర్వాత వచ్చినప్పుడు మద్దిలేటి బుల్లి తెర చూసి నిట్టూర్చాడు. "పెద్దది అడవిలోకి పోయినట్టుంది. ఉన్నవాటిలో ఏదీ రెండో గీత దాటలేదు. నలభై, యాభై కిలోల సరుకే."

"తుపాకీ ఎందుకు మరి? బోను చాలు" అని ఓబులేసు స్ప్రింగు వదులు చేసి, పలకని నలభైకి దించాడు. ఒకే ఒక్క ఇసుక సంచి పెట్టి చూశాడు. తలుపు ధడేల్న పడింది.

లంటానా పొదలో తిమ్మరాజు ఆ చప్పుడు విన్నాడు. విని, నీలి నడిచే దోవ పక్కన ఒక రాయి మీద ఎండ కాగుతూ కూర్చున్నాడు. కాసేపటికి నీలి పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది.

"తిమ్మరాజన్నా, ఇవాళ మేత పెట్టారా?"

"నిండా పెట్టారమ్మా. పిల్లల్ని బయటే వదిలి వెళ్ళు, తొక్కిసలాడుకుంటారు."

నీలి వెళ్ళింది. తలుపు పడింది.

నీలి అరుపు గుట్ట అవతల దుంపల కోసం తవ్వుతున్న కంచమ్మకి వినిపించింది. ముళ్ళు, రాళ్ళు చూడకుండా పరిగెత్తుకొచ్చింది. అది వచ్చేసరికి బోను చువ్వలకి ముట్టె కొట్టుకుని నీలి మూతంతా నెత్తురు. బయట నాలుగు పిల్లలుండాల్సిన చోట రెండే ఉన్నాయి. తల్లి వైపు తిరిగి కీచుమంటున్నాయి.

"అక్కా, తిమ్మరాజు..." అని నీలి ఏదో చెప్పబోయింది. అంతలో ట్రాక్టర్ చప్పుడైంది. కంచమ్మ మిగిలిన రెండు పిల్లల్నీ ముట్టెతో తోసుకుంటూ పొదల్లోకి దూరింది. పొదల్లోంచే చూసింది. నలుగురు మనుషులు నీలి కాళ్ళు కట్టి ట్రాలీలో పడేశారు.

"పాలిచ్చేది కదరా ఇది!" అన్నాడు ఒకడు.

"ఫొటోలో అదంతా కనిపిస్తుందా?" అన్నాడు మద్దిలేటి.

ట్రాక్టర్ వెళ్ళిపోయింది. కంచమ్మ వీపు మీద వెంట్రుకలు ముళ్ళలా లేచాయి. ఆ రోజంతా దిగలేదు.

తుమ్మచెట్టు మీద బూదెమ్మ అనే ముసలి కొండముచ్చు ఉండేది. అన్నీ చూస్తుంది, అన్నీ వింటుంది, ఎవరి జోలికీ పోదు. మర్నాడు కంచమ్మ ఆ చెట్టు మొదట్లోకొచ్చి కాండాన్ని ముట్టెతో ఒక్క దెబ్బ కొట్టింది.

"దిగు బూదెమ్మా! ఎనభైకి పడాల్సిన తలుపు నా చెల్లెలికెందుకు పడింది? పైనుంచి చూసినదానివి నువ్వే!"

బూదెమ్మ కొమ్మ దిగలేదు గానీ, అంతా చెప్పింది. మనుషులన్న మాటలు, పల్లంలో వంగి వంగి నడిచిన బండెన్న, ఇసుక సంచి, పొదలో కూర్చుని విన్న తిమ్మరాజు. పిల్లల్లో రెండింటిని వాడు ఒకదాని తర్వాత ఒకటి నోట కరుచుకుని బొరియలోకి మోసుకుపోయిన సంగతి కూడా చెప్పింది.

"ఇదంతా తెలిసి నీలిని ఒక్క కేక వెయ్యలేకపోయావా?"

"నాకెందుకులే అనుకున్నానే."

"నీకెందుకా? నీ పిల్లలు ఈ చెట్టు మీద ఆడుకుంటుంటే కింద పాముని చూసి ఎన్నిసార్లు అరిచింది నా చెల్లెలు! అప్పుడు అదీ నాకెందుకులే అనుకుని ఉంటే?"

బూదెమ్మ మొహం తిప్పుకుంది. ఒక కొమ్మ కిందికి జరిగి, "ఇప్పుడేం చెయ్యమంటావో చెప్పు" అంది.

"వాళ్ళు వచ్చినప్పుడల్లా ప్రతి మాటా విను. నాకు చెప్పు. అంతే."

అక్కణ్ణుంచి కంచమ్మ నేరుగా గుట్టెక్కింది. బండెన్న అక్కడి ఊటగుంట బురదలో పడుకుని ఉన్నాడు. కంచమ్మ బురద ఒడ్డున నిలబడి, గట్టిగా అరవకుండా అడిగింది. అరుపు కన్నా అది ఎక్కువ భయపెట్టింది బండెన్నని.

"నువ్వు నూరు కిలోలు కదూ?"

"అ... అవును."

"యాభై కిలోల నీలిని నీ బదులు పంపావు."

"నేనా? నాకేం తెలుసు? తిమ్మరాజు చెప్పినట్టు దూరంగా నడిచానంతే! నా ప్రాణం నేను కాపాడుకున్నాను, తప్పా?"

"నీ ప్రాణం కాపాడుకోవడం తప్పు కాదు. చిట్కా తెలిశాక నోరు మూసుకున్నావే, అది తప్పు. నీ ఒళ్ళు సగం చేసి చూపిస్తే ఆ సగం బరువు ఎవరి నెత్తిన పడుతుందో ఒక్కసారైనా ఆలోచించావా? ఇంత ఒళ్ళేసుకుని చీమంత బుద్ధి లేదేం నీకు?"

బండెన్న తల బురదలోకి దించేశాడు. "తిమ్మరాజుని పొడిచేస్తాను" అని గొణిగాడు.

"నువ్వు పొడవలేవు. వాడు నీకన్నా వేగం. నీకు వాడు నేర్పిన నడక ఉంది చూడు, అది నాకు నేర్పు. గుంపందరికీ నేర్పు."

ఆ సాయంత్రం గుంపు మొత్తం వాగు పల్లంలో దిగింది. బండెన్న ముందు నడుస్తూ చూపించాడు. గుంజకి ఇంకా దూరంగా, ఇంకా పల్లంగా, గడ్డి కడుపుల దాకా మూసేలా.

"కంచమ్మా, నీ వీపు మీద వెంట్రుకలు దించాలి. అవి లేచి ఉంటే పెద్దదానిలా కనిపిస్తావు" అన్నాడు బండెన్న.

"దిగడం లేదు."

"దించాలి మరి."

కంచమ్మ కళ్ళు మూసుకుంది. నీలి మూతి మీద నెత్తురు కళ్ళ ముందు కదిలింది. పళ్ళు కొరికి, ఊపిరి బిగబట్టి, ఒక్కో వెంట్రుకా దించింది. వాగు దాటే దాకా అలాగే నడిచింది. దాటగానే ఒక చెదలపుట్టని పొడిచి పొడిచి మట్టి చేసింది. మూడు సాయంత్రాలు ఇదే జరిగింది. బోను ఛాయలకి ఒక్క పందిని కూడా పోనివ్వలేదు. నీలి పిల్లలిద్దర్నీ తన పక్కనుంచి అంగుళం కదలనివ్వలేదు.

మనుషులు వచ్చే వేళకి ఇంకో పని పెట్టుకుంది. తిమ్మరాజు మాటలు వినే లంటానా పొద దగ్గర కాపు కాసేది. తోక కనబడితే చాలు, అడవి దద్దరిల్లేలా తరిమేది.

తిమ్మరాజు గుట్ట మీదికి ఉరికి, దూరం నుంచి నవ్వేవాడు. "తరుముకో అక్కా, తరుముకో! నీకు కోపం తప్ప ఇంకేం చేతనవును? మధ్యాహ్నం తరుముతావు, పొద్దు వాలగానే అలిసి పడుకుంటావు. నేను తీరిగ్గా వచ్చి నా చేపలు నేను తింటాను."

కంచమ్మ వెనక్కి తిరిగి వెళ్ళిపోయేది. తిమ్మరాజు చెప్పినట్టే అది సాయంత్రాలు పొద దగ్గర ఉండేది కాదు. తిమ్మరాజు రోజూ వచ్చి, బోనులో పలక మీద దర్జాగా కూర్చుని తిని పోయేవాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం మద్దిలేటి బుల్లి తెర చూసి చిరాకు పడ్డాడు.

"పెద్దవన్నీ పోయాయి. ఇవి చూడు, ఒక్క గీత కూడా దాటలేదు. అన్నీ పిల్లలే. ఎనిమిది, పది కిలోలుంటాయి. ముప్పై పిల్లల దాకా ఉన్నాయి."

"వదిలేద్దామా?"

"వదిలేస్తే వచ్చే ఏటికి ఎంతవుతాయి? చిన్నప్పుడే పట్టెయ్యాలి. పలక ఎనిమిదికి దించు."

ఓబులేసు స్ప్రింగు పూర్తిగా వదులు చేశాడు. ఇసుక సంచి పెట్టలేదు. తను తెచ్చుకున్న నీళ్ళ బిందె పెట్టి చూశాడు. తలుపు పడింది. మళ్ళీ ఎత్తి, కొత్త మేత పెట్టి వెళ్ళిపోయారు.

ఆ వేళకి తిమ్మరాజు గుట్ట మీద ఎక్కడో ఉన్నాడు. బూదెమ్మ తుమ్మచెట్టు దిగి, జీవితంలో మొదటిసారి నేల మీద పరుగెత్తుకుంటూ కంచమ్మ దగ్గరికొచ్చింది.

"ఎనిమిదికి దించారే కంచమ్మా! నీళ్ళ బిందెకే పడింది!"

పొద్దు వాలుతుండగా తిమ్మరాజు వచ్చాడు. బోనుకి నలభై అడుగుల దూరంలో కంచమ్మ నిలబడి ఉంది. వెనక బండెన్న, వాడి వెనక గుంపంతా. తిమ్మరాజు ఒక్కక్షణం ఆగి, ఎవరూ కదలకపోవడం చూసి, ధైర్యం తెచ్చుకున్నాడు.

"ఏమక్కా, ఇవాళ తరమడం లేదే? కాళ్ళు నొప్పులా?"

"నిన్నొకటి అడగాలని ఉన్నాను" అంది కంచమ్మ. "నీలిని లోపలికి పంపినప్పుడు తలుపు పడుతుందని నీకు తెలుసు కదూ?"

తిమ్మరాజు చుట్టూ చూశాడు. దాచి లాభం లేదని తెలిసిపోయింది. దాచాల్సిన అవసరమూ కనిపించలేదు. "తెలుసు. అయితే ఏంటి? నేను తొయ్యలేదు. దాని కాళ్ళతో అది నడిచి వెళ్ళింది. యాభై కిలోలుండటం దాని తప్పు."

వెనక గుంపులో ఒక్కసారి గుర్రుమనే శబ్దం లేచింది. కంచమ్మ వెనక్కి తిరక్కుండానే, "ఆగండి" అంది.

"దాని పిల్లలు?"

"పిల్లల్ని నేను తినకపోతే ఇంకొకరు తినేవాళ్ళు. మీ కోపాలు నాకేం చేస్తాయి? మీరెవరూ ఆ బోను దగ్గరికి రాలేరు, నలభైకి పడుతుంది అది. నేను పది కిలోలవాణ్ని. ఈ అడవి మొత్తంలో ఆ మేత తినగలిగేది నేనొక్కణ్నే." తోక ఊపుకుంటూ లోపలికి నడిచాడు. ఎప్పటిలాగే పలక మీద కూర్చున్నాడు.

తలుపు పడింది.

తిమ్మరాజుకి ముందు అర్థం కాలేదు. నోట్లో చేప అలాగే ఉంది. తలుపుని మూతితో నెట్టాడు. పంజాతో గీకాడు. తర్వాత చేప వదిలేసి గిర్రున తిరిగాడు.

"ఏదో పొరపాటు జరిగింది! నలభై కదా! నేను పదే!"

"ఇప్పుడది ఎనిమిది" అంది కంచమ్మ. "మేమందరం పది కిలోలవాళ్ళలా ఫొటోలో కనిపించాం. నువ్వు నేర్పిన నడకే."

"అక్కా! కంచక్కా! నువ్వు గుంపుకి పెద్దవి. నీది పెద్ద మనసు. ముట్టెతో ఒక్కసారి ఆ గొళ్ళెం ఎత్తు. నీ కాళ్ళ దగ్గర పడుంటాను!"

కంచమ్మ బోను దగ్గరకొచ్చింది. వీపు మీద వెంట్రుకలన్నీ లేచి ఉన్నాయి. దించమని ఎవరూ చెప్పలేదు.

"నా చెల్లెలు ఇదే చువ్వల్లోంచి నన్ను అక్కా అని పిలిచింది. గొళ్ళెం ఎత్తే టైము నాకు లేదు, ట్రాక్టర్ వచ్చేసింది. నీకు టైముంది. కూర్చుని ఆలోచించుకో."

పొద్దున్నే మద్దిలేటి, ఓబులేసు ట్రాక్టర్లో వచ్చారు. పందిపిల్లలు పడుంటాయని గోనె సంచులు కూడా తెచ్చారు. బోనులో నక్కని చూసి మద్దిలేటి నెత్తి పట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళ నుంచీ నా ఎండుచేపలు తింటున్నది ఇదన్నమాట!"

ఓబులేసు మాత్రం వాగు పల్లంలోకి దిగి నేల మీద వంగి చూస్తున్నాడు. అతని మొహం రంగు మారింది.

"మద్దిలేటన్నా, ఇట్రా. ఇవి పిల్లల అడుగులా? నా చెయ్యంతున్నాయి. ఈ గట్టి నేలలో కూడా ఇంత లోతు దిగాయంటే నూరు కిలోలుంటాయి. పల్లంలో, గుంజకి అంత దూరంగా నడిచిన వాటిని గుంజ గీతలతో కొలిచాం మనం!"

"నువ్వేగా గుంజ పాతింది?"

"ఫొటో చూసి పిల్లలన్నది నువ్వు కదా!"

ఇద్దరూ వాగులో నిలబడి అరుచుకున్నారు. చివరికి మద్దిలేటి కెమెరాని చెట్టు నుంచి పీకి ట్రాలీలో గిరాటేశాడు. బోనుని నక్కతో సహా పైకెక్కించారు. ట్రాక్టర్ కదిలింది. చువ్వల మధ్య నుంచి తిమ్మరాజు అడవి కనుమరుగయ్యే దాకా వరసలన్నీ కలిపి పిలుస్తూనే ఉన్నాడు. బావా అన్నాడు, అన్నా అన్నాడు, అత్తా అన్నాడు. ఒక్కరూ పలకలేదు.

గుంపు తిరిగి గుట్ట వైపు నడిచింది. నీలి పిల్లలిద్దరూ కంచమ్మ కాళ్ళ మధ్య పడుతూ లేస్తూ వస్తున్నారు. బండెన్న కాస్త వెనగ్గా నడుస్తూ, ధైర్యం కూడగట్టుకుని అడిగాడు.

"కంచమ్మా, ఇప్పుడైనా నీ కోపం తగ్గిందా?"

"నీలి వచ్చిందా?"

"లేదు."

"మరి తగ్గడమేంటి?" అని కంచమ్మ ఆగకుండా నడిచింది.

నీతి: తప్పుడు కొలతతో ఒకరిని బలిపెట్టినవాడు, ఆ కొలత తన దాకా రాదనుకుంటే మోసపోయేది తనే.